రెండు యుద్ధాల మధ్య ఆరేళ్ళు

1971 యుద్ధాన్ని ఎవరు గెలిపించారని మా ఒంగోల్లో ఎవరినైనా అడగండి, అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా అంటారు. కాస్త ఆగి ఇందిరాగాంధీ పేరు కలుపుతారు. విశాఖలో చుట్టాలున్నవాళ్ళయితే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన సంగతి ఎత్తుకుంటారు. అంతటితో సరి. అగ్నివీర్ ర్యాలీల కోసం తెల్లారకముందే గిద్దలూరు రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్ళని కూడా అడిగాను. బిట్ల పుస్తకాలు నమిలి మింగినవాళ్ళు. పరమవీర చక్ర వచ్చిన వాయుసేన పైలట్ ఎవరంటే నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ అని టక్కున చెప్పారు. మరి ఆ యుద్ధంలో వాయుసేన అధిపతి ఎవరంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాళ్ళని అనడానికేం లేదు. పుస్తకాల్లో ఉంటే కదా చదివేది.

ఆయన ఎయిర్ చీఫ్ మార్షల్ ప్రతాప్ చంద్ర లాల్. 1965 యుద్ధంలో వాయుసేనకి ఉపాధిపతి, 1971 యుద్ధంలో అధిపతి. మొదటి యుద్ధంలో కళ్ళముందు జరిగిన పొరపాట్లని మనసులో పెట్టుకుని, రెండో యుద్ధానికల్లా ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చిన మనిషి. 1971 డిసెంబర్లో మన వాయుసేన చేసి చూపించిందంతా ఆ రెండు వారాల్లో పుట్టుకొచ్చింది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అది అంతకుముందు ఆరేళ్ళలో సిమెంటుతో, మట్టితో, వైర్లెస్ సెట్లతో, ఆర్మీ ఆఫీసర్ల పక్కన వేసిన కుర్చీలతో తయారైంది. అలాంటి పనికి పతకాలు రావు, సినిమాలు రావు. అందుకే లాల్ పేరు మన నోళ్ళలో నానలేదు. ఈ మరుపు ఆయనకి జరిగిన అన్యాయం ఒక్కటే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. యుద్ధం ఎలా గెలుస్తారన్న దాని మీద మనకున్న అవగాహనే దీనివల్ల పెడదారి పట్టింది.

లాల్ 1916లో లూధియానాలో పుట్టాడు. పదిహేడేళ్ళ వయసులో ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకున్నాడు. తర్వాత లండన్లో చదువుకున్నాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక వాయుసేనలో చేరాడు. కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చే పనిలో ఉండి, తర్వాత 7వ స్క్వాడ్రన్‌తో (స్క్వాడ్రన్ అంటే ఒక విమానాల దళం) బర్మా యుద్ధరంగానికి వెళ్ళాడు. అక్కడ వాళ్ళు నడిపింది వెంజియన్స్ అనే డైవ్ బాంబర్. లక్ష్యానికి సరిగ్గా పైకి వెళ్ళి, దాదాపు నిట్టనిలువునా కిందికి దూకి, బాంబు వదిలి, మళ్ళీ పైకి లేవాలి. ముందు పైలట్, వెనక గన్నర్. 1944లో ఆ స్క్వాడ్రన్‌కి ఆయనే కమాండర్ అయ్యాడు. మరుసటి ఏడు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ వచ్చింది.

బర్మా సంగతి ఎత్తడానికి కారణం పతకం కాదు. ఆ అడవుల్లో జపాన్ సైన్యానికీ మనవాళ్ళకీ మధ్య ఒక్కోసారి ఒక గుట్ట దూరం కూడా ఉండేది కాదు. పైనుంచి చూస్తే అంతా పచ్చగా ఒకే తీరుగా ఉంటుంది. కింద ఉన్న సైనికులు పొగ గుర్తు పెట్టి చూపిస్తేనే పైలట్‌కి ఎక్కడ బాంబు వెయ్యాలో తెలిసేది. కిందివాడికీ పైవాడికీ మాట కలవకపోతే సొంత మనుషులే పోతారు. ఇంఫాల్ ముట్టడిలో మన సైన్యానికి తిండీ తూటాలూ అందింది కూడా ఆకాశం నుంచే. ఇరవై ఏడేళ్ళ వయసులో ఇదంతా చూసినవాడికి సైన్యం వేరు, వాయుసేన వేరు అన్న ఆలోచన ఎప్పటికీ ఒంటబట్టదని నా ఊహ. తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయాలన్నిటి వెనకా నాకు ఆ పొగ గుర్తే కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాతి ఉద్యోగాలన్నీ చెప్పుకుంటూ పోతే ఇది సర్వీసు రిజిస్టర్ అవుతుంది. రెండు మాటలు చాలు. 1957 నుంచి ఐదేళ్ళు డెప్యుటేషన్ మీద ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని నడిపాడు. రక్షణమంత్రి కృష్ణమేనన్‌తో పొసగక వాయుసేన ఉద్యోగమే పోయే పరిస్థితి వచ్చింది. 1962లో చైనా యుద్ధం నడుస్తుండగానే మేనన్ దిగిపోవడంతో ఆయన మళ్ళీ లోపలికి రాగలిగాడు. 1964లో ఉపాధిపతి అయ్యాడు. అర్జన్ సింగ్ అధిపతి. ఏడాది తిరక్కుండానే యుద్ధం వచ్చిపడింది.

1965 సెప్టెంబర్ 1 గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

ఆ రోజు తెల్లవారుజామున పాకిస్తాన్ ట్యాంకులు జమ్మూ పక్కన ఛాంబ్ దగ్గర విరుచుకుపడ్డాయి. అఖ్నూర్ వంతెన పట్టుకుంటే కాశ్మీర్లోని మన సైన్యానికి దారి తెగిపోయినట్టే. పొద్దుటి నుంచీ కింద మనవాళ్ళు కష్టపడుతున్నారు. ఆర్మీ చీఫ్ జనరల్ చౌధురి రక్షణమంత్రి వై.బి. చవాన్ దగ్గరికి వచ్చి వాయుసేన సాయం కావాలని అడిగేసరికి సాయంత్రం నాలుగైంది. చవాన్ నిమిషాల్లో సరేనన్నాడు. అర్జన్ సింగ్ గంటలో పంపిస్తానని చెప్పి, ఆ గంట నిండకముందే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేపాడు. ఈ భాగాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే.

ఆ తర్వాతి భాగం చెప్పుకోం. మొదట వెళ్ళినవాటిలో వాంపైర్లు ఉన్నాయి, అప్పటికే కాలం చెల్లిన విమానాలు. పొద్దు వాలుతోంది, నేల మీద దుమ్ము, పొగ. కింద ఎవరు ఎక్కడున్నారో పైలట్లకి సరిగ్గా చెప్పే ఏర్పాటు లేదు. నాలుగు వాంపైర్లు తిరిగి రాలేదు. మన విమానాల దెబ్బలు కొన్ని మన దళాల మీదే పడ్డాయి. ఆ పైలట్ల ధైర్యానికి వంక పెట్టలేం. తెలిసి తెలిసీ అంత పాత విమానాల్లో వెళ్ళారు. లోపం పైన ఉంది. ఛాంబ్ మీద దాడి వస్తే ఆర్మీ, వాయుసేన కలిసి ఏం చెయ్యాలన్నది ముందే కూర్చుని మాట్లాడుకోలేదు. ఆర్మీ చీఫ్ నేరుగా మంత్రితో మాట్లాడుకోవడం, మిగతా రెండు దళాలకి చివర్లో కబురు పెట్టడం, ఆ యుద్ధం నడిచిన తీరు అది. లాల్ తన జ్ఞాపకాల్లో దీని గురించి మొహమాటం లేకుండా రాశాడు. ఆయన పోయాక భార్య (ఆవిడ పేరు ఇలా లాల్) పూర్తిచేయగా 1986లో అచ్చయిన పుస్తకం అది. చౌధురి ఆ యుద్ధాన్ని ఆర్మీ సొంత వ్యవహారంలా నడిపాడన్నది ఆయన ఫిర్యాదు.

సెప్టెంబర్ 6 సాయంత్రం పాకిస్తాన్ సేబర్ జెట్లు పఠాన్‌కోట్ మీద పడ్డాయి. నేల మీద నిలబెట్టి ఉన్న మన విమానాలు పది దాకా కాలిపోయాయి, కొత్తగా వచ్చిన మిగ్-21లు రెండు వాటిలో ఉన్నాయి. మర్నాడు పొద్దున తూర్పున కలైకుండా వంతు.

కలైకుండా అంటే ఎక్కడో అనుకోకండి. మన తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్ పక్కనే. మా పెదనాన్న అప్పుడు అక్కడే ఆర్మమెంట్ ఫిట్టర్. అంటే విమానం తుపాకుల్లో తూటాలు నింపడం, బాంబులు తగిలించడం, తిరిగొచ్చాక జామ్ అయినవాటిని విప్పి బాగుచెయ్యడం. ఇప్పుడు మేదరమెట్లలో ఉంటాడు, ఎనభై దాటాయి. వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం ఎక్కడా చెదరలేదు.

"విమానాలు ఎట్టా పెట్టి ఉన్నాయనుకున్నావురా అబ్బాయ్, వరసాగ్గా, రెక్క పక్కన రెక్క. పెరేడ్‌కి పెట్టినట్టు. వాడు ఒక్క పాస్‌లో వరస మొత్తం కాల్చుకుంటూ పోయాడు. మేం కందకంలో పడి చూస్తా ఉండాం. నిన్న రాత్రి నేను లోడ్ చేసిన తూటాలు మంటల్లో నా మొహం ముందే పేల్తా ఉండయ్."

తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) ఢాకా దగ్గరి తేజ్‌గావ్ నుంచి వచ్చిన పాకిస్తాన్ 14వ స్క్వాడ్రన్ సేబర్లు ఆ పొద్దున కాన్‌బెర్రా బాంబర్లనీ వాంపైర్లనీ తగలబెట్టి వెళ్ళాయి. కొన్ని గంటలకి మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ తన హంటర్ యుద్ధవిమానంతో వాళ్ళని ఎదుర్కొన్నాడు. ఆ పోరాటం గురించి పెదనాన్న ఇప్పటికీ నిలబడి, చేతులతో విమానాలు తిప్పి మరీ చెప్తాడు. కానీ అంతకన్నా ఎక్కువసార్లు చెప్పేది ఆ వరస గురించే. తూర్పున మన వాయుసేన మొదట కొన్ని దాడులు చేసింది గానీ, యుద్ధాన్ని అటువైపు పెంచొద్దని ప్రభుత్వం ఆపెయ్యమంది. తేజ్‌గావ్ స్క్వాడ్రన్ అలాగే మిగిలిపోయింది. యుద్ధం మొత్తంలో మనం పోగొట్టుకున్న విమానాల్లో ఎక్కువ భాగం గాల్లో పోలేదు, నేల మీద నిలబడి ఉండగా పోయాయి.

వాయుసేనకి ఇంతకన్నా అవమానం ఉండదు. సెప్టెంబర్ 23న కాల్పులు ఆగాక దేశమంతా విజయోత్సవాలు జరుపుకుంది. లాల్‌కి పద్మభూషణ్ వచ్చింది. అక్కడితో తృప్తిపడితే ఆయన గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు.

1966లో ఆయన్ని బెంగళూరు పంపి హిందుస్తాన్ ఏరోనాటిక్స్ బాధ్యత అప్పగించారు. అధిపతి పదవి కళ్ళముందు ఉన్నవాడికి ఫ్యాక్టరీ పని చాలామందికి పక్కకి తప్పించినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం అది దేశానికి కలిసొచ్చిన పోస్టింగ్ అనిపిస్తుంది. నాట్ విమానాలు అక్కడే తయారయ్యేవి, మిగ్-21లు నాసిక్‌లో తయారవడం అప్పుడే మొదలైంది. విమానాలు కాగితం మీద ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, పొద్దున్నే ఎన్ని లేస్తాయన్నది ఇంకో లెక్క. స్పేర్ పార్టు ఎందుకు ఆలస్యమవుతుందో, ఇంజన్ ఓవర్‌హాల్ ఎన్నాళ్ళు పడుతుందో షాప్ ఫ్లోర్ మీద మూడేళ్ళు తిరిగి చూసినవాడికే ఈ తేడా తెలుస్తుంది. ఎయిర్‌లైన్స్ నడిపిన అనుభవం ఎలాగూ ఉంది. 1969 జూలైలో వాయుసేన అధిపతిగా వచ్చేనాటికి ఆయన యుద్ధవిమానం నడిపినవాడు, విమానాలు తయారుచేయించినవాడు, టైముకి విమానం లేపడమంటే ఏమిటో తెలిసినవాడు.

వచ్చాక చేసిన మొదటి పెద్ద నిర్ణయం వాయుసేన ప్రాధాన్యాలు ఏమిటో తేల్చడం. అన్నిటికన్నా ముందు మన స్థావరాల్ని, దేశాన్ని కాపాడుకోవాలి. ఆ తర్వాత సైన్యానికీ నౌకాదళానికీ సాయం. శత్రువు నగరాల్లోకి దూసుకెళ్ళి బాంబులేసే దూరపు దాడులు దాని తర్వాత. బయటివాళ్ళకి ఇది మామూలు మాటలా వినిపిస్తుంది. వాయుసేన లోపల ఇది మింగుడుపడని విషయం. ప్రపంచంలో ఏ వాయుసేనైనా సైన్యానికి తోకలా ఉండటాన్ని ఒప్పుకోదు. ఆకాశంలో సొంతంగా యుద్ధం గెలవాలన్నది వాళ్ళ కల, వాళ్ళ ఆత్మగౌరవం. సొంత దళం గొప్పతనాన్ని రెండో మెట్టు మీద పెట్టడానికి ఆ దళం అధిపతికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. నా దృష్టిలో ఆయన మొత్తం జీవితంలో సాహసం అంటే ఇదే, వెంజియన్స్‌తో దూకడం దీని తర్వాతే.

ఇక రెండో పని సిమెంటు. సరిహద్దు స్థావరాల్లో విమానం వారీగా బ్లాస్ట్ పెన్లు కట్టారు. మూడువైపులా మట్టి కట్టలు, కాంక్రీటు, పైకప్పు, దాని మీద గడ్డి, వలలు. ఒక విమానం తగలబడినా పక్కదానికి అంటుకోదు. 1971లో పెదనాన్న ఉత్తర బెంగాల్లోని హాసిమారాలో హంటర్ల దగ్గర ఉన్నాడు. అక్కడ పెన్ లోపల పని ఎలా ఉండేదో ఆయన చెప్తుంటే వినాలి. హంటర్‌కి ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల తుపాకులు. వాటినీ తూటాల పెట్టెల్నీ కలిపి ఒకే ప్యాక్‌గా అమర్చి ఉంటారు. విమానం తిరిగొచ్చి ఆగగానే ఆ ప్యాక్ మొత్తాన్ని కిందికి దించేసి, ముందే నింపి సిద్ధంగా ఉంచిన ఇంకో ప్యాక్‌ని చేత్తో తిప్పే వించ్‌లతో పైకెక్కిస్తారు. తుపాకీ గొట్టాలు విమానంలోనే ఉండిపోతాయి. ఒకడు వించ్ తిప్పుతుంటే ఇంకొకడు కింద పడుకుని పిన్నులు సరిగ్గా కూర్చున్నాయో లేదో వేళ్ళతో తడిమి చూడాలి. డిసెంబర్ చలి, ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకున్నట్టుండేదట. బయట లైటు వెయ్యకూడదు. పెన్ ఉంది కాబట్టి లోపల గుడ్డ కప్పిన టార్చి వెలుగులో పని నడిచేది. కలైకుండాలో కందకంలో దాక్కున్న మనిషి హాసిమారాలో సైరన్ మోగినా విమానం దగ్గర్నుంచి కదలకుండా పని చేశాడంటే ఆ మట్టి కట్టల మీద ఎంత నమ్మకమో చూడండి.

మూడో పని మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టడం. తూర్పు వాయుసేన కమాండ్ షిల్లాంగ్‌లో ఉంది, ఆర్మీ తూర్పు కమాండ్ కలకత్తా ఫోర్ట్ విలియమ్‌లో. మధ్యలో కొండలు, తూర్పు పాకిస్తాన్. ఫోన్ కలవడమే గగనం. దానికి విరుగుడుగా ఫోర్ట్ విలియమ్‌లోనే వాయుసేన అడ్వాన్స్ హెడ్‌క్వార్టర్స్ పెట్టారు. ఆర్మీ కోర్ హెడ్‌క్వార్టర్స్‌ల దగ్గర విమాన సాయం ఏర్పాటు చూసే టాక్టికల్ ఎయిర్ సెంటర్లు, ముందు వరుసల్లో వైర్లెస్ సెట్లు పట్టుకుని పైలట్‌తో నేరుగా మాట్లాడే ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్లు. ఛాంబ్‌లో లేనిది ఇదే. పొద్దున మొదలైన దాడికి సాయంత్రం నాలుగింటికి ఢిల్లీలో అనుమతి అడగాల్సిన అవసరం ఇక లేదు.

ఆ తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే కాబట్టి నా వాదనకి కావలసినంతే చెప్తాను. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు శ్రీనగర్, అమృత్‌సర్, పఠాన్‌కోట్, అంబాలా, ఆగ్రా లాంటి స్థావరాల మీద ఒకేసారి దాడి చేశాయి. 1965లో పఠాన్‌కోట్‌లో దక్కింది మళ్ళీ దక్కుతుందనుకున్నారు. విమానాలన్నీ పెన్లలో ఉన్నాయి. రన్‌వేల మీద కొన్ని గుంటలు పడ్డాయి, వాటిని పూడ్చుకుని ఆ రాత్రే మనవాళ్ళు లేచారు. మా జిల్లా అప్పటికి పుట్టి రెండేళ్ళు కూడా నిండలేదు, పేరు కూడా ఇంకా ఒంగోలు జిల్లానే. ఆ రాత్రి మా ఇంట్లో రేడియో చుట్టూ ఊరు ఊరంతా మూగిందని, హాసిమారా పేరు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని నాయనమ్మ పడుకోకుండా కూర్చుందని చెప్పుకునేవాళ్ళు. రేడియోలో ఆ పేరు రాలేదు.

తూర్పున తేజ్‌గావ్‌లో ఉన్నది అదే పాత 14వ స్క్వాడ్రన్. ఈసారి దాన్ని గాల్లో ఎదుర్కోవడంతో సరిపెట్టలేదు. మిగ్-21లు 500 కిలోల బాంబులతో ఏటవాలుగా దూకి రన్‌వేని గుంటలు చేశాయి. పూడ్చిన కొద్దీ మళ్ళీ మళ్ళీ చేశాయి. డిసెంబర్ 7 నాటికి సేబర్లు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, లేవడానికి నేల లేదు. అక్కడి నుంచి తూర్పు ఆకాశం మొత్తం మనది. 9న మేఘనా నదిని హెలికాప్టర్లతో దాటించడం, 11న టాంగైల్‌లో పారాట్రూపర్లని దించడం, 14న ఢాకా గవర్నర్ హౌస్ మీద మిగ్‌ల దాడి, గవర్నర్ మాలిక్ రాజీనామా, ఇవన్నీ శత్రు విమానం తలెత్తలేని ఆకాశం కింద జరిగాయి. అన్నట్టు, గవర్నర్ హౌస్ మీద దాడికి పైలట్లకి దొరికింది ఒక టూరిస్ట్ మ్యాప్. 16న లొంగుబాటు కాగితం మీద సంతకాలయ్యాయి. మానెక్‌షా సైన్యం అంత వేగంగా ఢాకా చేరిందంటే, పగటిపూట రోడ్ల మీద లారీలు బారులు తీరి నడిచినా పైనుంచి భయం లేకపోవడమే పెద్ద కారణం.

పడమట రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా పోరాటం 'బోర్డర్' సినిమా వల్ల అందరికీ తెలుసు. అక్కడ కూడా సినిమా చూపించని సంగతి ఒకటుంది. రాత్రంతా మన పదాతిదళ కంపెనీ ఒక్కటే పాకిస్తాన్ ట్యాంకుల్ని ఆపింది, నిజమే. జైసల్మేర్లో హంటర్లు తెల్లారేదాకా ఆగాల్సిందే, వాటికి రాత్రిపూట దాడిచేసే ఏర్పాటు లేదు. పొద్దు పొడవగానే హంటర్లు వచ్చినప్పుడు, ఇసుకలో ఏ ట్యాంకు ఎటు కదులుతోందో వాటికి చూపించింది ఆర్మీకి చెందిన చిన్న కృషక్ విమానం. గాల్లో తిరిగే బుల్లి విమానం ఆర్మీది, కాల్చే జెట్టు వాయుసేనది, ఇద్దరిదీ ఒకే రేడియో మాట. 1965 సెప్టెంబర్ 1న ఛాంబ్ పైన ఎగిరిన వాంపైర్ పైలట్‌కి అలాంటి గొంతు ఒక్కటి వినిపించి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

లాల్ విధానాన్ని తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో బలం ఉంది. పడమటి సరిహద్దులో మనం పోగొట్టుకున్న విమానాలు తక్కువేమీ కావు. సైన్యానికి సాయంగా చెట్టంత ఎత్తున ఎగిరే విమానాన్ని కింద ఉన్న మరతుపాకీ కూడా పడగొట్టగలదు. అదే శక్తిని శత్రు స్థావరాల మీద పూర్తిగా పెట్టి ఉంటే పాకిస్తాన్ వాయుసేన నడుం విరిగేది అంటారు. ఛాంబ్ 1971లో మళ్ళీ చేజారిందని, ఈసారి తిరిగి రాలేదని కూడా గుర్తు చేస్తారు. అదీ నిజమే.

నేను అడిగేది ఒక్కటే, ఆ యుద్ధం దేని కోసం జరిగింది? తూర్పున ఢాకా చేరడం కోసం, పడమట ఉన్నది నిలుపుకోవడం కోసం. రావల్పిండినో లాహోర్‌నో పట్టుకోవడం కోసం కాదు. దేశం పెట్టుకున్న లక్ష్యం ఏదో దానికి తగ్గ పనే వాయుసేన చెయ్యాలి. పడమట శత్రు వాయుసేనని పూర్తిగా తుడిచిపెట్టడానికి పట్టే రోజులు మనకి లేవు. అమెరికా ఏడో నౌకాదళం ఓడలు బంగాళాఖాతం వైపు బయల్దేరాయి, ఐక్యరాజ్య సమితిలో కాల్పుల విరమణ కోసం ఒత్తిడి పెరుగుతోంది. ఆ సమయంలో కాలమే అన్నిటికన్నా విలువైనది, లాల్ విమానాలు సైన్యానికి సంపాదించి పెట్టింది అదే. నష్టం జరగలేదని నేననను. ఆ నష్టానికి దక్కిన ఫలం ఏమిటో చూడమంటాను. 1965లో జరిగిన నష్టానికి అలాంటి ఫలం చూపించగలమా?

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళు ఒకసారి మేదరమెట్ల మీదుగా 16వ నంబర్ హైవే మీద వెళ్ళి రండి. కొరిశపాడు, పిచ్చికలగుడిపాడు దగ్గర నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ఉన్నట్టుండి వెడల్పై, గీత గీసినట్టు తిన్నగా, మధ్యలో డివైడర్ లేకుండా కనిపిస్తుంది.  అత్యవసర సమయంలో వాయుసేన విమానాలు దిగడానికి కట్టిన ఎయిర్‌స్ట్రిప్. 2022 డిసెంబర్ 29న మొదటి ట్రయల్ జరిగిన రోజు చుట్టుపక్కల ఊళ్ళ జనం పొలాల గట్ల మీద నిలబడి సుఖోయ్‌లని, తేజస్‌ని చూశారు. 2024 మార్చిలో మరోసారి. అప్పుడు టీవీ వాళ్ళు, మనవాళ్ళు అందరూ తుఫాన్ల గురించే మాట్లాడారు. తీరప్రాంతం కాబట్టి ఆ అవసరం ఉంది, కాదనను. అయితే రోడ్డు మీద యుద్ధవిమానం దించే ఆలోచన ఎందుకొస్తుందో తెలియాలంటే తేజ్‌గావ్ చూడాలి. విమానాలు, పైలట్లు అన్నీ ఉండి, ఒక్క రన్‌వే పోయినందుకు ఒక స్క్వాడ్రన్ మొత్తం ఎందుకూ కొరగాకుండా పోయింది. మనం వాళ్ళకి చేసింది రేపు ఎవడైనా మనకి చెయ్యొచ్చు. పెదనాన్న ఆ ట్రయల్ చూడ్డానికి మనవడి బండెక్కి వెళ్ళాడు. పక్కనున్న కుర్రాడెవరో రోడ్డు మీద దిగాల్సిన ఖర్మ ఏంటి తాతా అంటే, కలైకుండా నుంచి మొదలుపెట్టి విమానాలు వెళ్ళిపోయేదాకా చెప్తూనే ఉన్నాడట. ఆ రోజు ఆ గట్టు మీద జరిగినంత మంచి పాఠం మన ఏ క్లాసులోనూ జరగదు.

లాల్ 1973 జనవరిలో రిటైరయ్యాడు. అదే నెలలో మానెక్‌షాకి ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది. అందుకు పూర్తిగా అర్హుడు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. లాల్‌కి పద్మవిభూషణ్ ఇచ్చారు, తర్వాత మళ్ళీ ఎయిర్‌లైన్స్ పని అప్పగించారు. 1982 ఆగస్టులో లండన్‌లో పోయాడు.

ఇప్పుడు ఢిల్లీలో థియేటర్ కమాండ్ల మీద చర్చ నడుస్తోంది. 2020లో చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి పెట్టినప్పటి నుంచీ మూడు దళాల్నీ ప్రాంతాల వారీగా ఒకే కమాండర్ కిందికి తేవాలని ఒక పక్క, ఉన్న కొద్ది విమానాల్ని ముక్కలు చేసి పంచితే ఎక్కడా చాలవని వాయుసేన మరో పక్క. రెండు పక్షాలవాళ్ళూ 1971నే ఉదాహరణగా చూపిస్తున్నారు. కలిసి పనిచెయ్యాలన్న వాళ్ళకి లాల్ మనవాడే. అయితే ఆయన ఒక్క స్క్వాడ్రన్‌ని కూడా ఆర్మీ చేతికి అప్పగించలేదన్నది మర్చిపోకూడదు. విమానాల మీద పెత్తనం వాయుసేన దగ్గరే ఉంచాడు, వాటితో ఏం చెయ్యాలన్నది మాత్రం ఆర్మీ వాళ్ళ టేబుల్ దగ్గర కూర్చుని తేల్చాడు. అవసరమైన రోజున తూర్పు నుంచి పడమటికి స్క్వాడ్రన్లని మార్చగలిగే వీలు అందువల్లే మిగిలింది. కాబట్టి విమానాల్ని పంచడం కన్నా ముందు, షిల్లాంగ్‌కీ ఫోర్ట్ విలియమ్‌కీ మధ్య ఆయన వేసిన లాంటి కుర్చీలు ఇవాళ ఎన్ని కమాండ్లలో ఉన్నాయో పార్లమెంటులో మన ఎంపీలు అడగాలి. ఒంగోలు, నెల్లూరు ఎంపీలు కూడా అడగొచ్చు, ఎయిర్‌స్ట్రిప్ మన రోడ్డు మీదే ఉంది.